మిషన్లు ఆగని మధ్యాహ్నాలు

బేతంచెర్లలో మా ఇల్లూ, మా ఆయన నడిపే పాలిష్ ఫ్యాక్టరీ ఒకే ప్రహరీలో ఉంటాయి. ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు. రేకుల షెడ్డు, అందులో నాపరాళ్ళు కోసే మిషన్ ఒకటి, వాటిని నునుపు చేసే మిషన్ ఒకటి, నలుగురు పనివాళ్ళు. మా వంటింటి కిటికీ తెరిస్తే షెడ్డు వెనక గోడ కనిపిస్తుంది. రాయి కోసేటప్పుడు ఆ చప్పుడు గోడల్లోంచీ నేలలోంచీ ఇంట్లోకి వస్తుంది. గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో, కొన్నాళ్ళకు అలవాటైపోతుందిలే అన్నారు అందరూ. అలవాటైపోయింది. నా తలనొప్పి ఆ చప్పుడు వల్ల వచ్చింది కాదు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్ళో, నేను హైస్కూల్లో చదివే రోజుల్లోనే అది మొదలైంది. కానీ నొప్పి వచ్చిన రోజు మాత్రం ఆ చప్పుడు నేను భరించలేకపోయేదాన్ని.

మా అమ్మకూ ఇదే పార్శ్వపు నొప్పి. ఆమె కాలంలో దీనికి వైద్యం, పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి కణత మీద చురక పెట్టడం. అమ్మ ఎడమ కణత మీద చింతగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. చురకతో తగ్గిందా అని అడిగితే, ఆ మంటకు రెండు దినాలు ఈ నొప్పి తెలియలేదని చెప్పేది. నాకు మాత్రం చురక పెట్టనివ్వలేదు. పాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళేది. ఆయన నా తల మీద నూనె రాసి, చెయ్యి పెట్టి, చాలాసేపు ప్రార్థన చేసేవారు. కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. ఇంటికొచ్చి వాంతి చేసుకుని పడుకునేదాన్ని.

పెళ్ళయ్యాక ఈ నొప్పిని చూసుకునే పని మా ఆయన చేతికొచ్చింది. ఆయన మాటలు తక్కువ మనిషి. నాపరాయి గనుల్లో కూలీగా మొదలై, ఒకరి ఫ్యాక్టరీలో మిషన్ నడిపి, చివరికి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పొద్దున ఎవరి పనికి వాళ్ళం పోతాం. సాయంత్రం ఆయన స్నానం చేసి, తిని, మంచం ఎక్కేవాడు. అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళు దాని కబుర్లతో ఇల్లు నిండేది. అది చదువుకోవడానికి కడప హాస్టల్‌కు పోయాక మేమిద్దరం రోజుకు నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. తగువులేమీ లేవు. మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు, అంతే.

నొప్పి వచ్చిన రోజు వేరు. సగం పూట సెలవు పెట్టి నేను ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగేదాన్ని. నా నడక చూసే ఆయనకు తెలిసిపోయేది. నేను మంచం దాకా చేరేలోపు కోత మిషన్ ఆగేది. తర్వాత పాలిష్ మిషన్. రాయి మీద పోసే నీళ్ళ చప్పుడు కాసేపు వినిపించి అదీ ఆగేది. పనివాళ్ళు బయటికి పోయి రోడ్డు పక్కన కూర్చునేవాళ్ళు. ఆయన కొళాయి దగ్గర చేతులకంటిన తెల్లటి రాతిబురద కడుక్కుని లోపలికొచ్చి, కిటికీలు వేసి, తడిగుడ్డ నా నుదుటి మీద వేసి, మంచం పక్కన కూర్చునేవాడు. మెడ వెనక ఎముక కింద బొటనవేలితో నొక్కుతూ ఉండేవాడు. ఆ వేలు గరుకుగా ఉండేది. ఎంతసేపైనా ఒక్క మాట అనేవాడు కాదు. నేను నిద్రపోయాక ఎప్పుడు లేచి పోయేవాడో నాకు తెలియదు.

నలభై దాటాక నెలలో సగం రోజులు నొప్పితోనే గడిచేవి. తట్టుకోలేక రోజూ బిళ్ళలు మింగాను. ఆ బిళ్ళల వల్లే నొప్పి ఇంకా ముదిరిందని తర్వాత తెలిసింది. కర్నూలులో ఒక నరాల డాక్టరమ్మ వరసగా మందులు మార్చి చూసింది. ఒక మందుకు వేళ్ళు తిమ్మిరెక్కేవి. సోడా తాగితే బూడిద రుచి తగిలేది. అదే మందుకు మాటలు కూడా మాయమయ్యాయి. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద బొమ్మ గీసి వెనక్కి తిరిగితే దాని పేరు నోటికి రాలేదు. పాతికేళ్ళుగా చెబుతున్న మాట. పిల్లలు నేను ప్రశ్న అడుగుతున్నాననుకుని "సమలంబ చతుర్భుజం" అని అరిచారు. చాలా బాగా చెప్పారన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మందు మానేశాను.

తర్వాత వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఇంజక్షన్ల సంగతి చెప్పింది. బొటులినమ్ టాక్సిన్ అని దాని పేరు. అప్పటిదాకా ఆస్పత్రిలో నోరు తెరవని మా ఆయన, అది సినిమావాళ్ళు ముడతలు పోవడానికి మొహానికి వేసుకునేది కదా అని అడిగాడు. కూతురి ఫోన్లో ఎప్పుడో చూశాడట. డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. మందు అదే. పాడైన డబ్బా తిండిలో పుట్టే విషం. ఎక్కువైతే మనిషి ప్రాణం తీస్తుంది. ఇక్కడ ఇచ్చేది అతి తక్కువ. కండరాన్ని వదులు చేస్తుంది, నొప్పి కబురు తలలోకి పోయే దారిని మొద్దుబారుస్తుంది. నయమైపోతుందని చెప్పలేను, అందరికీ పనిచేయదు, పనిచేస్తే మూడు నెలలకోసారి వేయించుకుంటూ ఉండాలి అంది. నేను సరేనన్నాను. నాకు భయం వేయలేదు. ఆశ కూడా కలగలేదు. అప్పటికి ఏ కొత్త మందన్నా అలాగే ఉండేది.

తిరుగు ప్రయాణంలో ఓర్వకల్లు దగ్గర బస్సు టీ కోసం ఆగింది. కిందికి దిగి నిలబడ్డాం. ఆయన టీ గ్లాసు పట్టుకుని రాళ్ళ గుట్టల వైపు చూస్తూ చాలాసేపు తాగలేదు.

"ఇన్నేండ్లు నీ పక్కనే ఉండా గదా," అన్నాడు. "విషం ఏయించుకునేటంత నొప్పి అని నాకు తెలీదు."

టీ చల్లారిపోతోందన్నాను. తాగేశాడు.

ఇంజక్షన్ల రోజు ఆయన మోటార్ సైకిల్ తీయలేదు. హెల్మెట్ పెట్టుకుంటే సూది పడిన చోట్ల ఒత్తుతుందని బస్సులోనే పోదామన్నాడు. గదిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన్ను కూడా ఉండమన్నారు. సూది సన్నదే. ముందు కనుబొమల మధ్య, తర్వాత నుదుటి మీద వరసగా, కణతల మీద, తల వెనక వెంట్రుకల్లో, మెడ మీద, చివర భుజాల మీద. అన్నీ కలిపి ముప్పైకి పైగానే పోట్లు. నుదుటి మీద పొడిచినప్పుడు చర్మం కింద ఇసుక నలిగినట్టు చిన్న చప్పుడు నాకే లోపల వినిపించింది. కణత దగ్గర నెత్తురు చుక్క వచ్చింది. నర్సమ్మ దూది ఆయన చేతికిచ్చి అదిమి పట్టుకోమంది. పట్టుకున్నాడు. నర్సమ్మ చాలనేదాకా తీయలేదు.

కొన్ని గంటలు పడుకోకూడదు, నుదురు రుద్దకూడదు అన్నారు. బస్సులో నేను కునికినప్పుడల్లా ఆయన మోచేత్తో తట్టి లేపాడు. ఇల్లు చేరేదాకా అదే పని.

మొదటిసారికి పెద్ద తేడా లేదు. మెడ వారం రోజులు పట్టేసింది. నుదురు మాత్రం కదలడం మానేసింది. స్పర్శ పోయిందేమోనని గిల్లి చూసుకున్నాను. వేలు తగిలేది తెలుస్తోంది, చల్లటి నీళ్ళు తెలుస్తున్నాయి. కనుబొమలు పైకెత్తుదామంటేనే అవి లేవడం లేదు. అద్దంలో నా మొహం ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. క్లాసులో కోప్పడితే పిల్లలు నమ్మడం మానేశారు. అమ్మ చూడటానికొచ్చి, ఒక పూటంతా నన్నే గమనించి, చివరికి "ఏమ్మా, నామింద కోపంగా ఉండావా" అని అడిగింది. లేదు, ఇంజక్షన్ల వల్ల అలా ఉంది అని చెప్పాను. ఆమె చెయ్యి చాపి నా నుదురు తడిమి చూసి, తన కణత మీద మచ్చ తడుముకుంది.

రెండోసారి వేయించుకున్నాక నొప్పి తగ్గింది. ఒక వారం రాలేదు. ఇంకో వారం రాలేదు. ఒకసారి సన్నగా వచ్చి, బిళ్ళ వేసుకోకుండానే పోయింది. ఇంత కాలం కోరుకున్నది దొరికితే సంతోషం పట్టలేనంత ఉంటుందని అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఇన్నాళ్ళూ నొప్పి వచ్చినా భయమే, రాకున్నా ఎప్పుడొస్తుందోనని భయమే. ఆ భయం పోయిన చోట ఇంకేదీ రాలేదు. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఖాళీగా కూర్చునేదాన్ని. గోడల్లోంచి చప్పుడు వస్తూ ఉండేది.

ఆ నెలల్లోనే మా ఆయన ఇంకో కోత మిషన్ తెచ్చి పెట్టాడు. నాతో చెప్పలేదు. లారీ నుంచి దించుతుంటే చూశాను. మొదటి నుంచీ ఉన్న పనివాడు ఒకాయన నీళ్ళకని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చినప్పుడు ఇదేమిటని అడిగాను.

"సారు నంద్యాలలో పెద్ద పని పట్టినాడమ్మా," అన్నాడు. "ముందంతా అట్లాటివి వస్తే వద్దనేటోడు. మీకు తలనొప్పొస్తే మిషన్లు ఆపాల, చెప్పిన దినానికి బండలు ఇయ్యలేము అని. ఇప్పుడు ఆగే పని లేదు గదా."

ఇది విని కూడా నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. అలాగా అన్నాను. కడవలో నీళ్ళు ముంచి ఇచ్చాను.

ఇక మధ్యాహ్నాలు మిషన్లు ఆగలేదు. ఆదివారం తప్ప ఏ రోజూ ఆగలేదు. ఆయన టీ కూడా షెడ్డులోనే తాగేవాడు. కొన్ని రోజులు మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా గడిచాయి. ఆ నొప్పి గదిలో తప్ప మేము కలుసుకున్న చోటు ఇంకొకటి లేదని అప్పుడు తెలిసింది. తెలిసి బాధపడ్డానని చెబితే అబద్ధం. లెక్క తేలినట్టు తెలిసింది, అంతే.

మా చర్చి సంఘంలో ఒక ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలును అందరి ముందూ లేచి చెప్పడం మాకు రివాజు. ఇన్నేళ్ళూ నా తలనొప్పి కోసం అక్కడ ప్రార్థన చేయనివాళ్ళు లేరు. చెప్పకపోతే బాగుండదు. లేచి మైకు పట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి తలనొప్పి ఉండేది, కర్నూలులో డాక్టరమ్మ ఇంజక్షన్లు చేసింది, ఇప్పుడు చాలా వరకు తగ్గింది, దేవునికి స్తోత్రం, మీ అందరికీ వందనాలు అన్నాను. అక్కడితో ఆపాను. ఆడవాళ్ళంతా నా మొహంలోకి చూస్తున్నారు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఏడుస్తారు. ఏడవకపోతే కనీసం గొంతు పూడుకుపోతుంది. నా నుదుటి మీద ఒక్క గీత కూడా పడలేదు. పాస్టరమ్మగారే ముందుగా హల్లెలూయా అని పాట అందుకుంది. నేను కూర్చున్నాను.

ఎండలో ఇంటికి నడిచి వస్తున్నాం.

"అందరూ నువ్వు ఏడుస్తావని చూసినారు," అన్నాడు ఆయన.

"రాలేదు."

"నాకొచ్చింది."

ఆయన వైపు చూశాను. కళ్ళు పొడిగానే ఉన్నాయి. రోడ్డు చూసుకుంటూ నడుస్తున్నాడు. ఎందుకని అడిగాను. నేను ఏం చెప్పానో సరిగ్గా వినపడలేదట, మైకు బాగలేదట. నేను అక్కడ నిలబడి ఉండటం చూస్తే వచ్చిందట. ఇక ఈమెకు నాతో పని లేదు అనిపించిందట. పని ఉంటేనే లోపలికి వస్తావా, ఊరికే వచ్చి కూర్చోకూడదా అన్నాను. కోపంతో అనలేదు, తెలుసుకుందామనే అడిగాను. వినపడలేదేమో, మళ్ళీ అడగమన్నాడు. మళ్ళీ అడిగాను. ఆయన కొంత దూరం నడిచాక చెప్పాడు.

"వచ్చి ఏం మాట్లాడాల? నాకు మాట్లాడేది రాదు. నీకు నొప్పున్నప్పుడు మాట్లాడగూడదు గదా. అది నాకు బాగుండ్య." వెంటనే ఆగి నా వైపు తిరిగాడు. "నొప్పి బాగుండ్య అని కాదు మ్మే."

"తెలుసు," అన్నాను.

ఇలాంటి మాట వింటే ఏ ఆడదానికైనా ఏదో ఒకటి కలగాలి. జాలో, కోపమో. నేను ఇంట్లో పెరుగు ఉందా, కొనుక్కుని పోవాలా అని ఆలోచించాను. కొనుక్కునే పోయాం.

మరుసటి రోజు నుంచి ఆయన సాయంత్రం టీకి ఇంట్లోకి రావడం మొదలుపెట్టాడు. మిషన్లు పనివాళ్ళకు వదిలేసి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒడిలో పెట్టుకునేవాడు. నేను స్కూల్లో జరిగింది ఏదైనా చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్ల పరీక్షలో పక్కదాని పేపర్ చూసి తప్పు లెక్కను కూడా అలాగే దించిందని చెబితే, మంచిదే, బాగా చదువుకోనీ అన్నాడు. అమ్మాయి కడప నుంచి ఈ వారం రావడం లేదని చెబితే, స్టేషన్‌కు పోయి తీసుకొస్తాలే అన్నాడు. మొదట పరధ్యానం అనుకున్నాను. కొన్నాళ్ళు గడిచాక ఆయన నా కళ్ళ వైపు కాక పెదవుల వైపు చూస్తున్నాడని గమనించాను. నేను తిరిగి పొయ్యి వైపు మాట్లాడితే జవాబు ఉండేది కాదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఎప్పుడూ నాలుగు మాటలు వరసగా మాట్లాడుకోలేదు కాబట్టి ఇది నాకు తెలియలేదు.

మూడు నెలలు దగ్గరపడేసరికి మందు బలం తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒక సాయంత్రం టీ తాగుతూ ఆయన నా మొహం వైపు చూసి, "నీ నుదురు కదుల్తాండాది," అన్నాడు. చెయ్యి పెట్టి చూసుకుంటే నిజమే. ఎడమ కణత దగ్గర చిన్న బరువు కూడా ఉంది. మిషన్లు ఆపమంటావా అని అడిగాడు. వద్దు, అంత లేదు, రేపు కర్నూలు పోదాం అన్నాను. ఆ మాట ఆయనకు కనపడేలా మొహం తిప్పి, నెమ్మదిగా చెప్పాను.

మరుసటి రోజు ఆస్పత్రిలో ఇంజక్షన్లు అయ్యాక నేనే డాక్టరమ్మతో ఆయన చెవుల సంగతి ఎత్తాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. డాక్టరమ్మ ఆయన వెనక నిలబడి ఊరి పేరు అడిగింది. ఆయన కదలలేదు. మళ్ళీ అడిగింది. అప్పటికీ కదలలేదు. కింది అంతస్తులో చెవుల డాక్టర్ ఉన్నాడని పంపించింది. అద్దాల గదిలో ఆయన్ను కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. నేను బయట నుంచి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఆయన చెయ్యి ఎత్తలేదు. పెద్ద బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని, ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఏళ్ళ తరబడి మిషన్ల దగ్గర పనిచేయడం వల్ల వచ్చిందని, పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదైనా నిలవాలంటే షెడ్డులో చెవులు మూసుకుని పనిచేయాలని డాక్టర్ చెప్పాడు. చెవి మిషన్ పెట్టుకోమన్నాడు. నేను అదంతా మా ఆయనకు మళ్ళీ చెప్పాను. ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. తనకు తెలుసన్నాడు. నాకెందుకు చెప్పలేదని అడిగితే, నొప్పి లేదు గదా, చెప్పేదేముందన్నాడు.

మధ్యాహ్నం దాటింది. నేను పడుకోకూడదు కాబట్టి బస్సెక్కేముందు హోటల్లో కూర్చుని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. హోటల్ నిండా గోల. ఆయన ఒక మాట అనడానికి నా వైపు వంగినప్పుడు, నా భుజం మీద సూది పడిన చోట ఆయన చెయ్యి తగిలి మంట పుట్టింది. నేను చెయ్యి తీయమనలేదు. ఇంకో ప్లేటు చెప్పమంటావా అని అడిగాడు. చాలన్నాను.

చెవి మిషన్ తెచ్చుకున్న మొదటి వారం ఆయన ఇంట్లో పెట్టుకుని తిరిగాడు. గిన్నెల చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. నేను గిన్నెలు ఇంత గట్టిగా పెడతానని ఇంతకు ముందు తెలియదన్నాడు. ఇప్పుడు రోజూ పెట్టుకోడు. ఆదివారం చర్చికి, కర్నూలుకు, సాయంత్రం టీకి పెట్టుకుంటాడు. షెడ్డులో చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు. పనివాళ్ళకు కూడా పెట్టుకోమని చెప్పాడు. ఇద్దరు పెట్టుకుంటున్నారు, ఇద్దరు పెట్టుకోవడం లేదు.

నేను మూడు నెలలకోసారి ఇంజక్షన్లకు పోతున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు, నెలకు రెండు మూడు రోజులు వస్తుంది. కొన్నాళ్ళయ్యాక వ్యవధి పెంచి చూద్దామని డాక్టరమ్మ అంది. మాటలు పెద్దగా పెరగలేదు. నిన్న సాయంత్రం ఆయన, ఈసారి గనిలో రాయి పచ్చగా వస్తోందనీ, కర్నూలులో కొనేవాళ్ళు అది ఇష్టపడటం లేదనీ చెప్పాడు. ఎందుకని అడిగాను. చెప్పాడు. విన్నాను.